జముకుల కథ నుంచి జననాట్యమండలి దాకా: ఉత్తరాంధ్ర పాటదళాల రాకపోకలు

జముకుల కథ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సొంత సొత్తు. గైరమ్మ సంబరాల్లో, ఊరి అమ్మవారి పండగల్లో రాత్రి భోజనాలయ్యాక మొదలై కోడికూసే వేళ దాకా సాగే ఈ కథకు పెద్ద బలగం అక్కర్లేదు. కథ చెప్పేవాడొకడు, జముకు వాయించేవాడొకడు, వంత పాడేవాడొకడు. మనుషులు చాలకపోతే జముకు వాయించేవాడే వంత కూడా అందుకుంటాడు. కథకుడి కాళ్లకు గజ్జెలుంటాయి. అతను నిలబడి చెప్పడు, తిరుగుతూ, చిందు వేస్తూ చెబుతాడు.

జముకు చూడటానికి చిన్న వాద్యం. గొట్టంలాంటి పాత్రకు ఒక మూతిన తోలు బిగించి ఉంటుంది, రెండో మూతి తెరిచి ఉంటుంది. తోలు నడిమధ్య కన్నం చేసి నరంతీగను లోపలి నుంచి బయటికి లాగి, కొసన చిన్న పుల్ల కడతారు. పాత్రను చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో పుల్ల పట్టి తీగను బిగలాగుతూ, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే శ్రుతి పైకెక్కుతుంది, సడలిస్తే దిగుతుంది. అంటే తాళమూ అదే, రాగమూ అదే. హార్మోనియం లేకుండా కథ నడవడానికి కారణం ఇదే. పాటగాడు గొంతు పెంచినప్పుడల్లా జముకు కూడా వెంట లేస్తుంది, అతను మాటలోకి దిగగానే అదీ దిగుతుంది. అందుకే ఈ కథలో సగం పాట, సగం మాట. కథకుడు వచనాన్ని తాళానికి కట్టి గుక్క తిప్పుకోకుండా చెబుతూ పోతాడు. ఊపిరి తీసుకోవలసిన చోట వంతవాడు చివరి ముక్క అందుకుంటాడు. వంతవాడి పని అంతటితో తీరదు. కథకుణ్ణి ప్రశ్నిస్తాడు, వెక్కిరిస్తాడు, ఎల్లమ్మ కథ నడుస్తుండగానే ముందు వరసలో కూర్చున్న ఊరి పెద్ద మీద ఒక విసురు విసురుతాడు. నవ్వులు తగ్గేలోపు కథ మళ్లీ అమ్మవారి దగ్గరికి వచ్చేస్తుంది.

ఈ మూడు స్థానాల అమరికే రాబోయే చరిత్రకంతకూ ఆధారం. దళంలో మనిషి పోతే ఆ స్థానంలోకి ఇంకొకరు వస్తారు, కథ ఆగదు. అమ్మవారి కథ చెప్పే దళాల్లో తండ్రి స్థానంలోకి కొడుకు, మామ స్థానంలోకి మేనల్లుడు రావడం మామూలు. ఉత్తరాంధ్ర ప్రత్యేకత ఏమిటంటే ఇరవయ్యో శతాబ్దంలో ఈ స్థానాలు కుల వృత్తి గడప దాటి, ఊరి యువకుల చేతికి, ఆ తర్వాత రాజకీయ కార్యకర్తల చేతికి వచ్చాయి.

ఇలాంటి మార్పు ముందు కోస్తా నడిమి జిల్లాల్లో జరిగింది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, గరికపాటి రాజారావు పూనికతో, జంగం కథను బుర్రకథగా మలిచి ఊరూరా తిప్పింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ నడుమ తంబుర పట్టుకుని నిలబడితే, ఒక పక్క హాస్యం, ఇంకో పక్క రాజకీయం చెప్పే ఇద్దరు వంతలు డక్కీలతో ఉండేవారు. ప్రభుత్వం నిషేధించేంతగా ఆ రూపం జనంలోకి వెళ్లింది. చాలా ఏళ్ల తర్వాత 1986లో అదే నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది. బుర్రకథ ఉత్తరాంధ్రకూ చేరింది గానీ, ఇక్కడ అదే పని చేయడానికి జముకుల కథ ముందే సిద్ధంగా ఉంది.

ఆ పనికి దాన్ని మొదట గట్టిగా వాడుకున్నవారు సుబ్బారావు పాణిగ్రాహి. ఒడియా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారిగా ఉంటూ పాటలు కట్టిన మనిషి. ఆ ఊరున్న ఉద్దానం ప్రాంతంలో తెలుగు, ఒడియా రెండూ ఇంట్లో వినబడే భాషలే. కొబ్బరి, జీడి తోటల నడుమ ఉన్న ఆ ఊళ్లలో రైతులకు అప్పులున్నాయి, పైన కొండల్లో సవరలు, జాతాపులు పోడు భూములు పోగొట్టుకుని ఉన్నారు. పాణిగ్రాహి జముకుల కథ రాగాన్ని, నడకను, వంతవాడి ఎత్తిపొడుపును అలాగే ఉంచారు. కథావస్తువును మార్చారు. అమ్మవారి చేతిలో చచ్చే రాక్షసుడు ఉండవలసిన చోట షావుకారు వచ్చి కూర్చున్నాడు. జనానికి కొత్త రూపం నేర్పవలసిన అవసరం రాలేదు, ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఉలిక్కిపడాలో వాళ్లకు ముందే తెలుసు. పూజారే ఈ కథ చెబుతున్నాడన్నది కూడా తక్కువ విషయం కాదు. గుడి వాకిట్లోంచి వచ్చిన గొంతుకు ఊళ్లో ఉండే చనువు పట్నం నుంచి వచ్చిన ఉపన్యాసకుడికి రాదు.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లు దారిలో లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల కాల్పుల్లో చనిపోయారు. తర్వాతి ఏడాది చివరికి శ్రీకాకుళం గిరిజన ఉద్యమం సాయుధ దారి పట్టింది. దళం అనే మాటకు అప్పటికి రెండు అర్థాలు ఏర్పడ్డాయి. పాట దళంలో ఉన్నవారు ఆయుధ దళంలోకి వెళ్లారు, వేదిక మీద మనుషులు తగ్గారు. 1969 మే 27న ఉద్యమ నాయకుడు పంచాది కృష్ణమూర్తి, అదే ఏడాది డిసెంబరు 22న రంగమెట్ట కొండల దగ్గర పాణిగ్రాహి, పంచాది నిర్మల, మరికొందరు పోలీసుల చేతిలో చనిపోయారు. 1970 జులై 10న ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం కూడా పోయారు. బడిపంతులుగా కొండల్లోకి వెళ్లిన సత్యం కూడా పాటతోనే గిరిజన సంఘం సభలు నడిపిన మనిషి. పార్వతీపురం కుట్ర కేసు మిగిలినవారిలో చాలామందిని జైళ్లకు చేర్చింది.

దళంగా చూస్తే ఇది పూర్తి వినాశనం. కథకుడు లేడు, వంతలు లేరు, వాద్యం ఎవరింట్లో ఉందో ఎవరూ చెప్పరు. పాణిగ్రాహి గొంతు రికార్డు కాలేదు. ఆయన పాటలు నోటినుంచి నోటికి పోయాయి, పోతూ పోతూ చరణాలు మారాయి, కొన్నిచోట్ల రెండు పాటలు కలిసి ఒకటయ్యాయి. విప్లవ సాహిత్యాన్ని భక్తిగా చదివేవారికి ఈ కల్తీ నచ్చదు. జానపదానికి మాత్రం ఇదే మామూలు బతుకు.

పాట మళ్లీ దళంగా కూడడానికి రెండేళ్లు పట్టింది, అదీ రెండు చివర్ల నుంచి. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగినప్పుడు శ్రీకాకుళం గురించి రచయితలు ఏ పక్షమో తేల్చమంటూ విద్యార్థులు కరపత్రం పంచారు. జులై 4న విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడింది. అటు సికింద్రాబాద్ అల్వాల్‌లో బి. నరసింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ సంఘంలోకి మెదక్ జిల్లా తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్‌రావు వచ్చారు. పంజాబ్ గదర్ పార్టీ పేరు పాటల పుస్తకానికి, పుస్తకం పేరు మనిషికి అంటుకుని ఆయన గద్దర్ అయ్యారు. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. స్థాపకుల్లో నరసింగరావు, గద్దర్‌లతో పాటు ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు ఉన్నారు.

వంగపండు 1943లో పార్వతీపురం పక్కన పెదబొండపల్లిలో పుట్టారు. ఆ ఊరు అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో, 1950 తర్వాత శ్రీకాకుళంలో, 1979 నుంచి విజయనగరంలో, 2022 నుంచి పార్వతీపురం మన్యంలో ఉంది. మనిషి కదలకుండానే నాలుగు జిల్లాలు చూసిన ఊళ్లు ఈ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. ఆయన విశాఖపట్నం హిందూస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశారు. పల్లె పాటకు యంత్రం చప్పుడు తోడవడం అక్కడి నుంచే. మరను నడిపే చేతుల గురించి ఆయన కట్టిన పాటలో లయ నాగలిది కాదు, వర్క్‌షాపుది. పొలం పని పాటల్లో ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య విరామం ఉంటుంది, వంగి లేచే నడుముకు ఆ వ్యవధి కావాలి. యంత్రం పాటలో ఆ విరామం తీసేశారు. కార్మికుడికి నడుం ఎత్తే తీరిక లేదన్న విషయాన్ని మాటల్లో చెప్పే లోపు తాళమే చెప్పేస్తుంది.

గద్దర్ పాట, వంగపండు పాట ఒకే మండలి పేరు మీద వచ్చినా తోబుట్టువులే తప్ప ప్రతిరూపాలు కావు. గద్దర్ ఒంటి మీద గొంగడి, చేతిలో కర్ర, వెనక డప్పు. తెలంగాణ ఒగ్గు కథ, బతుకమ్మ, జోలపాటల వరసలు ఆయన బలం. కార్యక్రమానికి ముందు వేదిక వెనక గడ్డి మంట వేసి డప్పులు కాచడం, తోలు మీద చేత్తో తట్టి చూడటం, అది కంగుమనేదాకా ఆగడం ఆ దళాల దినచర్య. వంగపండు కాళ్లకు గజ్జె కట్టి, సన్నాయినొక్కుల గొంతుతో, చమత్కారం మీద నడిపే మనిషి. ఆయన దగ్గర జముకుల కథ వంతవాడు కథకుడయ్యాడనిపిస్తుంది. వెక్కిరింపు పక్కవాడి వంతు కాకుండా పాట నడిమధ్యకే వచ్చింది. భూమి పంపకం చుట్టూ అల్లిన ‘భూమి భాగోతం’లో వీధి భాగవతం పాత్రలు, నడకలు, ప్రవేశాలు అన్నీ ఉన్నాయి. సత్యభామ రావలసిన పద్ధతిలో భూస్వామి వస్తాడు.

ఆయన చేసిన ఇంకో పెద్ద పని యాసను దాచకపోవడం. విజయనగరం అంటే అప్పటికే సాహిత్యంలో గురజాడ ఊరు, సంగీతంలో ద్వారం వెంకటస్వామినాయుడి ఊరు, హరికథలో ఆదిభట్ల నారాయణదాసు ఊరు. అయినా సిక్కోలు మాట సినిమాల్లో పనివాడి నోటనో, నవ్వుల పాత్ర నోటనో వినబడేది తప్ప గంభీరమైన చోట వినబడేది కాదు. వంగపండు ‘ఏం పిల్లడో’ పాటలో ఒక పడుచు తన జతగాణ్ణి కొండల్లో పోరుకు రమ్మని అదే యాసలో పిలుస్తుంది. సరసమూ పిలుపూ విడదీయలేనట్టు ఉండటమే ఆ పాట గెలుపు. కరీంనగర్ సభలోనూ, కర్నూలు సభలోనూ జనం ఆ యాసనే అనుకరిస్తూ పాడారు.

యాస విషయంలో ఇలాంటి చరిత్రే అమెరికా దక్షిణ రాష్ట్రాల హిప్‌హాప్‌కు ఉంది. 1990ల తొలి ఏళ్లలో ఆ సంగీతమంటే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ అన్నట్టు ఉండేది, దక్షిణాది నల్లవారి యాస నవ్వులపాలయ్యేది. జార్జియా రాష్ట్రం అట్లాంటాలో సీలో గ్రీన్, బిగ్ గిప్, ఖుజో, టీ-మో నలుగురూ కలిసిన గుడీ మాబ్ 1995లో ‘సోల్ ఫుడ్’ ఆల్బంతో ఆ యాసనే జెండాగా ఎత్తింది. 1999 నాటి మూడో ఆల్బం తర్వాత సీలో విడిపోయారు, మిగిలిన ముగ్గురు 2004లో గుడీ మాబ్ పేరు మీదే ఆల్బం తెచ్చారు, మళ్లీ నలుగురూ కలిసి 2013లో ఇంకొకటి చేశారు. తాళానికి కట్టిన మాట, ముందు ఒక గొంతు, దాన్ని అందుకునే వెనక గొంతులు, ఊరి యాస, పోలీసు మీద కోపం అన్నీ ఇక్కడి దళాలకు పరిచితమైనవే. తేడా ఒకటుంది. అక్కడ ఎవరు చేరారో ఎవరు వెళ్లారో ఆల్బం అట్టల మీద అచ్చయి ఉంది. ఇక్కడి దళాల్లో వంత పాడినవారి, డప్పు కొట్టినవారి పేర్లు పాటల పుస్తకాల్లోకి అరుదుగా ఎక్కాయి. పోలీసు రికార్డుల్లోకే ముందు ఎక్కాయేమో.

జననాట్యమండలి రూపు ఎన్నోసార్లు మారింది. 1975 అత్యవసర పరిస్థితి మండలిని చెల్లాచెదురు చేసింది. 1977 తర్వాత అది శిక్షణ తరగతులతో, ఊరూరి శాఖలతో మళ్లీ పెరిగింది. వేదిక ఎక్కని కవులు వెనక ఉండి పాటలు ఇచ్చారు, చెరబండరాజు, శివసాగర్, గూడ అంజయ్య వంటివారు. కవి ఒకరు, గొంతు ఇంకొకరు కావడం ఈ మండలికి అలవాటైన పద్ధతి. వంగపండు, గద్దర్ ఆ రెంటినీ ఒక్క మనిషిలో కలిపారు. నరసింగరావు సినిమా వైపు నడిచారు. ఆయన నిర్మించిన ‘మా భూమి’ (1979)లో గద్దర్ తెర మీదికి వచ్చి యాదగిరి కట్టిన బండి పాట పాడటంతో మండలి గొంతు సభలకు రాని జనం చెవిన కూడా పడింది. వేరే విప్లవ పార్టీ అండతో 1974లో అరుణోదయ ఏర్పడింది, కానూరి వెంకటేశ్వరరావు, అరుణోదయ రామారావు, విమలక్క దాని ప్రముఖులు. ఒకే పాటను రెండు సంస్థలూ తమదిగా పాడుకున్న సందర్భాలున్నాయి. జనం మాత్రం ఆ తేడా పెద్దగా పట్టించుకోలేదు.

కెనరా బ్యాంకు గుమాస్తాగా ఉన్న గద్దర్ 1984లో ఉద్యోగం వదిలారు, 1985లో అజ్ఞాతంలోకి వెళ్లారు. ఆ అయిదేళ్లూ బయట మండలి కార్యక్రమాలు దాదాపు ఆగిపోయాయి. 1990 ఫిబ్రవరిలో ఆయన హైదరాబాద్‌లో బయటికి వచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడినప్పుడు జనం పోటెత్తారు. 1992లో మండలికి అండగా ఉన్న విప్లవ పార్టీ పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చింది, తలుపు మళ్లీ మూసుకుంది. 1997 ఏప్రిల్ 6న ఆయన ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. ఒంట్లో మిగిలిన తూటాతోనే ఆయన మరో పాతికేళ్లు పాడారు.

జముకుల కథ దళానికి, ఈ దశలో జననాట్యమండలికి తేడా ఇక్కడ తెలుస్తుంది. మండలి పేరు చెబితే గద్దర్, గద్దర్ పేరు చెబితే మండలి అన్నట్టయింది. అది ఆయన ప్రతిభకు దక్కిన గౌరవమే, సంస్థకు మాత్రం నష్టమే. కథకుడి స్థానం ఒక మనిషి సొంతమైపోతే అతను లేని రోజున దళం చిన్నబోతుంది. శాఖల్లో మంచి గొంతులు లేక కాదు, ఆ స్థానంలో ఇంకొకరిని చూడటానికి జనం ఒప్పుకోలేదు. 1969 తర్వాత శ్రీకాకుళంలో దళం మొత్తం పోయినా పాట మళ్లీ మొలిచింది, ఆ స్థానం ఎవరి పేరు మీదా రాసి లేదు కాబట్టి. పాణిగ్రాహి ముఖం ఆయన పాట పాడినవారిలో ఎక్కువమందికి తెలియదు.

సినిమా ఈ పాటలకు రెండో వేదిక. ఆర్. నారాయణమూర్తి 1986లో తీసిన ‘అర్ధరాత్రి స్వతంత్రం’తో వంగపండు పాట వెండితెరకెక్కింది. తర్వాత చాలా సినిమాలకు ఆయన రాశారు. గద్దర్ ‘ఒరేయ్ రిక్షా’ (1995) పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని తిరస్కరించారు. 2009లో ‘మగధీర’ పాటలో ‘ఏం పిల్లడో’ పల్లవి ఛాయ వినబడినప్పుడు, ఆ పాట ఎవరిదన్న వాదు లేచింది. ఊరి వరస మీద కట్టిన పాటకు హక్కుదారు ఎవరు? కట్టినవాడా, పాడి నిలబెట్టిన దళమా, వరస ఇచ్చిన ఊరా? చట్టం మొదటివాణ్ణే గుర్తిస్తుంది. ఆ పాటకు కనీసం పేరున్న కర్త ఉన్నాడు. అమ్మవారి సంబరాల్లో పుట్టి యూట్యూబుకెక్కిన వరసలకు అదీ లేదు. 2020లో వచ్చిన ‘పలాస 1978’ కథానాయకులు జానపద కళాకారులైన అన్నదమ్ములు. ఆ సినిమాలో వినబడిన ఉత్తరాంధ్ర వరస ‘నక్కిలీసు గొలుసు’గా రాష్ట్రమంతా పెళ్లి ఊరేగింపుల్లో మోగింది.

వంగపండుకు 2017లో రాష్ట్ర ప్రభుత్వం కళారత్న ఇచ్చింది. ప్రభుత్వాల మీద పాడిన మనిషి ప్రభుత్వ సత్కారం తీసుకోవడం గురించి పాత సహచరుల్లో భిన్నాభిప్రాయాలుండటం సహజం. నాజర్ దగ్గర్నుంచీ ఈ రంగంలో అది కొత్త సంగతి కాదు. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో గుండెపోటుతో ఆయన మరణించారు. గద్దర్ 2023 ఆగస్టు 6న పోయారు.

వంగపండు కూతురు ఉష తండ్రి పాటలతోనే వేదిక ఎక్కి, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ సభల్లో పాడి, రాష్ట్ర సృజనాత్మకత, సంస్కృతి సమితి అధ్యక్షురాలయ్యారు. తండ్రి స్థానంలోకి కూతురు రావడం అమ్మవారి కథ దళాల పాత పద్ధతికి దగ్గర, అయితే ఆ దళాల్లో ఆ స్థానం ఆడవారికి దక్కేది కాదు. స్త్రీ పాత్రను మగవాడే చీర కట్టి ఆడేవాడు. ఇక పల్లెల్లో జముకుల కథ మైకుతో, కొన్నిచోట్ల కీబోర్డుతో సాగుతోంది. కీబోర్డు శ్రుతి స్థిరంగా ఉంటుంది గనక జముకు తీగ బిగించి సడలించే పని తగ్గింది. కథకుడు దాని శ్రుతికి తన గొంతు సర్దుకుంటున్నాడు, వంతవాడు మాత్రం ఇప్పటికీ ముందు వరసలో ఎవరు కూర్చున్నారో చూసుకునే నోరు విప్పుతాడు.